తలుపు వేసి అడగవలసిన ప్రశ్న

"పదకొండింటికి పర్డీ వస్తాడు. ఓ సంతకం పడేసెయ్యి," అన్నాడు హెజెకియా బ్రండేజ్, సూపులో చిటికెడు ఉప్పు వెయ్యమన్నంత తేలిగ్గా.

థర్జా ఇస్త్రీ ఆపలేదు. కెనడా రాజధాని అట్టావాకి భర్త పట్టుకెళ్ళాల్సిన చొక్కాలు ఆరున్నాయి. ఛాతీ భాగానికి రెండుసార్లు గంజి పట్టించి అట్టముక్కలా నిలబెట్టాలి. లోపలి మనిషి ఎలా ఉన్నా, సెనేటరు గారి ఛాతీ మాత్రం వంగకూడదు.

ఇంకా సెనేటరు కాలేదు గానీ, అయినట్టే. రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది. ఒక్క చిక్కే మిగిలింది. అప్పులు పోను నాలుగు వేల డాలర్ల విలువ చేసే భూమి సొంత పేరున ఉన్నవాడే ఆ కుర్చీలో కూర్చోవాలి. హెజెకియాకి తీరం పొడవునా లాబ్‌స్టర్ అనే పెద్ద సముద్రపు రొయ్యల్ని టిన్నుల్లో నింపే ఫ్యాక్టరీలు మూడు, ఒక రంపపు మిల్లు, రెండంతస్తుల ఇల్లు ఉన్నాయి. అన్నీ బ్యాంకు తాకట్టులోనే ఉన్నాయి. తాకట్టు లేనిది ఒక్కటే, రేవు పక్కన తొమ్మిదెకరాలు. అది థర్జాది. పడవలు కట్టే తండ్రి తన ఒక్కగానొక్క కూతురికి వీలునామాలో రాసిచ్చిన ఆస్తిలో చివరి ముక్క. అది కూడా హెజెకియా పేరున పడితే, ఫ్యాక్టరీలు మునిగిననాడు వాటితోపాటే మునుగుతుంది. ఆమెకి కాలు పెట్టడానికి తనదన్న నేల జానెడు కూడా మిగలదు.

మొదటి లాబ్‌స్టర్ ఉడికింది ఆ నేల మీదే, బట్టలు ఉడకబెట్టే రాగి బానలో. అప్పట్లో ఆయన బండి మీద సూదులూ దారాలూ అమ్ముకునేవాడు. టిన్నుల్లో మాంసం నెలరోజులకే నల్లబడేది. కొన్నవాళ్ళు తిట్లతో సహా వాపసు పంపేవారు. ఒక చలికాలమంతా పులుసు కంపులో కూర్చుని, టిన్ను లోపల పల్చటి కాగితం పరిస్తే నల్లబడదని కనిపెట్టింది థర్జా. ప్రదర్శనలో పతకం వచ్చింది. బ్రండేజ్ గారి తెలివితేటలని పేపర్లో రాశారు. ఆ ముక్క కత్తిరించి చట్రం కట్టించింది కూడా థర్జాయే.

తర్వాత ఆయన అసెంబ్లీకి నిలబడ్డాడు. నాలుగు ఎన్నికల్లో, ఒక్కోదానికి మూడు రోజుల చొప్పున, వచ్చినవాడికల్లా ఆమె పందిమాంసంతో చిక్కుళ్ళు వండి పెట్టింది. ఓటు లేని మనిషి వంట తిని, ఓటున్నవాళ్ళు వెళ్ళి గెలిపించి వచ్చారు. సభల్లో ఆయన ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు, తన పెట్టుబడంతా రెండు పీపాలు, ఒక రాగి బాన, ఒక భార్య అని. జనం నవ్వేవారు. ఆ వరసలో తన స్థానం ఎన్నోదో తెలిసీ థర్జా కూడా నవ్వేది. బతికున్నన్నాళ్ళూ అత్తగారు మాత్రం ఆ వరస కూడా ఒప్పుకోలేదు. "నిన్ను చేసుకోకపోయినా నా కొడుకు ఇంతవాడయ్యేవాడే. ఇంకాస్త ముందే అయ్యేవాడేమో," అనేది.

పెళ్ళైన స్త్రీ తన భూమి వదులుకోవాలంటే చట్టం ఒక తతంగం పెట్టింది. మెజిస్ట్రేటు ఆమెను వేరే గదిలోకి తీసుకెళ్ళి, తలుపు వేసి, భర్త ఎదుట లేకుండా అడగాలి: ఈ పని నీ ఇష్టంతోనే చేస్తున్నావా, భర్త వల్ల భయం గానీ, బెదిరింపు గానీ, బలవంతం గానీ లేవు కదా అని. మెజిస్ట్రేటు పర్డీ గారు తలుపు వేసేవాడు. అంతవరకూ చట్టప్రకారమే. ఆ తర్వాత దోసకాయ ఊరగాయ ఈ ఏడు ఎలా కుదిరిందని అడిగేవాడు. మర్యాదకి సరిపడా సేపు కూర్చుని, ఒక ఊరగాయ జాడీ అందుకుని లేచేవాడు. యాపిల్ తోటకి ఒక జాడీ, పచ్చికబయలుకి ఒకటి, చర్చి వెనక స్థలానికి ఒకటి, తండ్రి ఇంటికి ఒకటి. నాలుగు భూములు, నాలుగు జాడీలు వెళ్ళిపోయాయి.

పచ్చికబయలు రాసిచ్చే దగ్గర ఆమె కాస్త తటపటాయించింది. హెజెకియా చెయ్యెత్తే మనిషి కాడు. పదకొండు రోజులు మాట్లాడలేదు, అంతే. బల్లకి ఎదురుగా కూర్చుని, ఉప్పు కావాలంటే గోడతో చెప్పేవాడు. పన్నెండో రోజు ఆమె సంతకం పెట్టింది. ఆ సాయంత్రం టీ బాగుందన్నాడు. తర్వాత రెండింటికీ తటపటాయించలేదు. దానికి ఆమె పెట్టుకున్న పేరు ఇంట్లో ప్రశాంతత.

పదకొండింటికి పర్డీ వచ్చాడు. ముందు గదిలో హెజెకియా స్నేహితులు నలుగురు అప్పటికే సెనేటరు గారూ అని పిలుస్తూ చుట్టలు వెలిగించారు. పక్క గదిలో తలుపు పడింది. థర్జా కూర్చోకుండానే, పర్డీ చేతిలోని కాగితం అందుకుని చదివింది. విడిగా విచారించగా, భయము గానీ బలవంతము గానీ లేక, స్వేచ్ఛగా సమ్మతించినది అని, ఆమె చెప్పబోయేది అంతా రాసే ఉంది. తేదీ కూడా వేసి ఉంది.

"నేను చెప్పకముందే రాసేశారే."

"మామూలేగా, చెల్లెమ్మా," అన్నాడు పర్డీ. ఒకే చర్చి కాబట్టి ఆ వరస.

"అడగండి."

"ఏమిటి?"

"అడగాల్సింది."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. ఎప్పుడూ పైకి చదవని వాక్యం కాబట్టి రెండుచోట్ల తడబడ్డాడు. థర్జా చివరిదాకా విన్నది. పెళ్ళైన ఇరవైయారేళ్ళలో, తలుపు వేసి మరీ తన ఇష్టమేమిటని ఒక మనిషి అడగడం ఇదే మొదలు.

"సంతకం పెడతాను," అంది. "భయంతో అని రాయండి."

పర్డీ నవ్వబోయి ఆగాడు. "వాడు నిన్ను ఎప్పుడైనా ఒక దెబ్బ కొట్టాడా?"

"లేదండీ. కొట్టి ఉంటే మీకు చూపించడం తేలికయ్యేది."

అలా రాస్తే పత్రం చెల్లదని, పత్రం లేకపోతే కుర్చీ లేదని, పదేళ్ళుగా కాచుకున్నవాడి గుండె ఆగుతుందని పర్డీ గొంతు తగ్గించి చెప్పుకొచ్చాడు. అవన్నీ ఆమెకు తెలుసు. సూదులమ్ముకున్న మనిషి సెనేట్‌లో ఎర్ర తివాచీ మీద నడుస్తుంటే చూడాలని ఆమెకి కూడా ఉంది. ఆ ఆశ ఇంకా పోలేదు. అదే బాధ.

"వంట్లో బాలేదని చెబుతాను," అన్నాడు పర్డీ చివరికి. "రేపొస్తాను. ఆలోచించుకో."

"రేపైనా అడగాలి కదండీ. నేనూ ఇదే చెప్పాలి."

ఆయన కాగితం మడిచాడు. తలుపు గడియ మీద చెయ్యి వేసి, తీయలేక నిలబడ్డాడు. అవతల నవ్వులు. ఆ వంగిన వీపు వైపు చూస్తూ థర్జా నెమ్మదిగా చెప్పింది:

"మొదటిసారి, ఆ యాపిల్ తోటప్పుడు, మీరు అడగాల్సిందండీ. నాకప్పుడు ఇరవైరెండు. ఏ భయమూ లేదు, మనస్ఫూర్తిగా ఇస్తున్నానని చెప్పేదాన్ని. అప్పుడది నిజం."