బొటనవేళ్ళ కబుర్లు

లిఫ్టులు అమ్మే కంపెనీలో అతన్ని అందరూ మైకు అనేవాళ్ళు. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ ఎందుకు పెట్టారో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కట్టుబడి జరుగుతున్న మేడ గుమ్మంలో మాట మొదలెడితే పైఅంతస్తు చేరేసరికి బిల్డరు చేత తల ఊపించేవాడు. ఎక్కిన మెట్ల ఆయాసం కూడా అతని మాటకు అడ్డం వచ్చేది కాదు.

ఇంట్లోనూ అదే వరస. ఆ రోజు ఎవరు ఏమన్నారో, తను ఏమని నోరు మూయించాడో కాళ్ళు కడుక్కుంటూ మొదలెట్టి, నిద్ర ముంచుకొచ్చేదాకా చెప్పేవాడు. భార్య కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసే పని చేసేది. పొద్దుటినుంచి చక్రాల రొదలో కూచుని వచ్చిన మనిషి, "ఊఁ" అనేది, "అలాగా" అనేది, "ఇంకొంచెం వెయ్యనా" అనేది. ఆమె నోట్లో నాలుక లేని మనిషని అతను పెళ్ళయిన కొత్తలోనే తేల్చేసుకున్నాడు. ఇంటికి ఎవరొచ్చినా, "మా ఆవిడ మాట్లాడదండీ, ఆమె వాటా కూడా నేనే మాట్లాడేస్తుంటాను" అని నవ్వించేవాడు.

అలాంటి మనిషి గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాడు. తర్వాత రెండు స్టేషన్ల మధ్య ఇరుక్కున్న రేడియోలా బరబరలాడింది. ఒక ఉదయం నోరు తెరిస్తే గాలి తప్ప ఇంకేమీ రాలేదు. గొంతు డాక్టరు లోపల చిన్న కాయ కాసిందని చెప్పి, దాన్ని తీసేసి, తను చెప్పేదాకా ఒక్క మాట మాట్లాడకూడదన్నాడు. గుసగుస అసలే పనికిరాదట, గొంతుకు అది అరుపుకన్నా చేటట.

మేనేజరు మంచివాడు. సెలవు పెట్టి ఇంట్లో కూచుంటే ఇతను పిచ్చివాడైపోతాడని గ్రహించి, బీరువా కింది అర వెతికి ఒక పాత ఫోను తీసి ఇచ్చాడు. పైన చిన్న తెర, కింద నాలుగు వరసల బటన్లు, దానిమ్మ గింజల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. ఒకప్పుడు కంపెనీలో పెద్దవాళ్ళకు మాత్రమే ఇచ్చేవాళ్ళు దాన్ని.

"అద్దం ఫోను మీద నీ బొటనవేలు ఒక్కసారి పెడితే మూడక్షరాలు పడతాయి. ఇదైతే చూడకుండా కొట్టచ్చు. కొన్నాళ్ళు దీంతో మాట్లాడు" అన్నాడు మేనేజరు.

మొదట్లో అతను వేళ్ళతో కూడా అరిచాడు. గుమాస్తాకు ఒక మెయిలు, స్టోరు రూముకు ఒక మెయిలు, బిల్డర్లకు బారెడు మెయిళ్ళు. బటన్లు టకటకమంటుంటే, ఎవరో చిన్న చిన్న గులకరాళ్ళు ఏరుకుంటున్నట్టుండేది. మెల్లగా ఆ వేగం తగ్గింది. ఒక మాట కొట్టాలంటే దాన్ని అక్షరాలుగా విడదీయాలి కదా. విడదీసేటప్పుడు చాలా మాటలు అక్కర్లేదని తెలిసేది. వాటిని అలాగే చెరిపేసేవాడు. చెరిపేశాక లోపల ఖాళీగా, చల్లగా ఉండేది.

ఆ ఖాళీలోకి లోకం మెల్లమెల్లగా వచ్చింది. ఇన్నాళ్ళూ తన గొంతు వెనక ఉండిపోయిన చప్పుళ్ళు ఒక్కొక్కటే ముందుకొచ్చాయి. లిఫ్టు ఆగేముందు తాళ్ళు విడిచే నిట్టూర్పు, ఆఫీసులో ఫ్యాను కింద ఎగరబోయి ఆగిపోయే కాగితం, వీధిలో ఎవరిదో సైకిలు నెమ్మదిగా పోతూ చేసే చిటచిట. నీళ్ళ అడుగున నడుస్తున్నట్టుండేది అతనికి. పక్కన మనుషులు మాట్లాడుకుంటుంటే, పెదవుల కన్నా కళ్ళు ముందు కదులుతాయని అప్పుడే చూశాడు.

ఒక మధ్యాహ్నం సగం కట్టిన మేడలో ఒంటరిగా ఉన్నాడు. వాన మొదలైంది. పైకప్పు ఇంకా వెయ్యలేదు. లిఫ్టు కోసం వదిలిన నిలువు గోతిలోకి వెలుతురుతో పాటు వాన దిగుతోంది. అంచున నిలబడి, కళ్ళప్పగించి చూసి, ఫోను తీసి భార్యకు కొట్టాడు. వాన లిఫ్టు గోతిలోకి దిగుతోంది, ఒక్కో చినుకూ పైనుంచి కిందదాకా కనిపిస్తోంది అని. అప్పటిదాకా ఆమెకు అతను పంపినవన్నీ ఆలస్యమవుతుందనో, తాళం ఎక్కడుందనో.

చాలాసేపటికి ఫోను మూల ఎర్ర దీపం మిణుకుమంది. "నిటారుగా దిగుతున్నాయా, ఊగుతూ దిగుతున్నాయా?" అని అడిగింది ఆమె.

అతను మళ్ళీ చూశాడు. ఊగుతున్నాయి. గోతిలోనుంచి పైకి లేస్తున్న గాలికి కొన్ని చినుకులు కాస్త ఆగి, ఆలోచించుకుని మరీ పడుతున్నాయి. అడగకపోతే అతను ఈ జన్మకు చూసి ఉండేవాడు కాదు.

అక్కణ్ణుంచి మొదలైంది. అద్దాల గదిలో రొదకు ఫోను మోగినా వినబడదు గానీ, చక్రం ఆపి అద్దం తుడిచే వేళల్లో ఆమె చదివేది, రాసేది. కొత్తగా అరగదీసిన అద్దం ఎత్తి కిటికీలోకి చూస్తే వీధి మొత్తం తలకిందులై, చీమంతై కనిపిస్తుందట. బాగా మందమైన అద్దం చేతికొస్తే, అది లేకుండా ఆ మనిషికి భార్య మొహం ఎలా కనిపిస్తుందో ఊహించుకుంటుందట. చిన్నప్పుడు బళ్ళో ఆమెను వాగుడుకాయ అని వెనక బెంచీలో కూచోబెట్టేవాళ్ళట. ఆ మాటను అతను ఆఫీసు మెట్ల మీద ఆగి మళ్ళీ చదివాడు.

ఇంటికొచ్చాకా అదే పని. సోఫాకు ఆ చివర ఆమె, ఈ చివర అతను. మధ్యలో ఉతికిన బట్టల కుప్ప. టక్‌టక్ అని ఇతను కొట్టడం, అటు చివర ఆమె ఫోను గుర్రుమనడం, ఆమె తల వంచుకుని నవ్వుకోవడం. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోవడంతో తమాషాలు జరిగేవి. ఒక ఆదివారం కునుకు తీసి లేచి, నువ్వు కల్లో కనిపించావని కొట్టాడు.

"కల్లోనా, కాల్లోనా? రెండూ ఒకేలా ఉన్నాయి. కాల్లో అయితే పిన్నీసు తెస్తాను, తీసేద్దాం" అని జవాబొచ్చింది.

శబ్దం లేకుండా పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ తర్వాతి వారమో ఎప్పుడో ఆమె రాసిన ఒక వాక్యంలో 'మీరు' బదులు 'నువ్వు' ఉంది. 'నువ్వు చూసిన ఆ మబ్బు ఇక్కడికీ వచ్చింది' అని. తల ఎత్తి చూశాడు. ఆమె వంటగదిలో అటు తిరిగి గిన్నెలు సర్దుతోంది, చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. అతను కిక్కురుమనలేదు. అంటే, వేళ్ళతో కూడా. ఆ నువ్వు అలాగే ఉండిపోయింది. నోటితో మాట్లాడితే మీరు, వేలితో మాట్లాడితే నువ్వు.

ఇంటికొచ్చిన వాళ్ళ ముందు మా ఆవిడ మాట్లాడదండీ అని అతనన్నప్పుడల్లా తను ఆ గదిలో కిటికీకి వేలాడే పరదానని అనిపించేదని కూడా ఒక రోజు రాసింది. దానికి అతను జవాబు కొట్టి చెరిపి, కొట్టి చెరిపి, చివరికి "చదివాను" అని మాత్రం పంపాడు. అది చాలన్నట్టు ఆమె ఆ సాయంత్రం వచ్చి పక్కన కూచుంది.

డాక్టరు గొంతులో దీపం వేసి చూసి, మానిపోయింది, ఇక మెల్లగా మాట్లాడండి అన్న రోజున అతను బయటికొచ్చి చాలాసేపు గేటు దగ్గర నిలబడ్డాడు. గొంతు ఇంటికి తీసుకెళ్తే, నువ్వు అని రాసే ఆ రెండో మనిషి మళ్ళీ పరదా అయిపోతుందని భయం. ఇంకా కొన్నాళ్ళు ఆగమన్నారని భార్యకు కొట్టాడు. ఆమెకు పంపిన వాటిలో అబద్ధం అదొక్కటే. బటన్లు ఎప్పటిలాగే మెత్తగా లోపలికి దిగాయి.

కొత్త గొంతును ఖాళీ మేడల్లో ఒంటరిగా వాడి చూసుకునేవాడు. పాతదానిలో సగం కూడా లేదది. దూది చుట్టినట్టుంది. ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది.

అలా ఉండగా ఒక పాత మేడలో కంపెనీ కొత్త లిఫ్టు పెట్టింది. ఎలా నడుస్తుందో చూపించడానికి వెళ్ళాడు. పైఅంతస్తులో ఒంటరిగా ఉండే ముసలావిడ తనే మొదట ఎక్కుతానంది. ఇద్దరూ ఎక్కారు. రెండంతస్తులు దాటాక కరెంటు పోయింది. లిఫ్టు ఆగిపోయింది. చీకటి. ఆవిడ చెయ్యి తడుముకుంటూ అతని చొక్కా పట్టుకుంది.

"బాబూ, ఉన్నావా? ఏదో ఒకటి మాట్లాడు."

అతను ఫోను తీశాడు. బటన్ల కింద తెల్లని వెలుతురు లేచి ఆవిడ చేతి ముడతల మీద పడింది. భయపడకండి, మావాళ్ళు పైన మోటారును చేత్తో తిప్పి కిందికి దింపుతారు అని కొట్టి చూపించాడు. ఆవిడ తెరను ముక్కుదాకా తెచ్చుకుంది.

"జోడు పగిలిపోయి చాలా రోజులైంది నాయనా. ఇందులో ఏముందో నాకేం తెలుస్తుంది? నువ్వే చెప్పు."

అతను గొంతు విప్పాడు. నేనిక్కడే ఉన్నానమ్మా అన్నాడు. ఆ తర్వాత ఆగలేదు. తాళ్ళు ఎంత బరువు మోస్తాయో, పడిపోకుండా పట్టుకునే ఇనుప దవడలు ఎలా ఉంటాయో చెప్పాడు. వాన గోతిలోకి ఎలా దిగుతుందో చెప్పాడు. చినుకులు ఊగుతాయని భార్య అడిగితేనే తను చూశాడనీ, కొత్త జోడుకు ఆమె పనిచేసే దుకాణానికే వెళ్ళమనీ వీధి గుర్తులతో సహా చెప్పాడు. అలవాటు చొప్పున నోరు జారిందని లిఫ్టు నేలను తాకాక గానీ తెలియలేదు. నాలుక కరుచుకున్నాడు.

ఆవిడ అతను చెప్పినట్టే చేసింది. దుకాణానికి వెళ్ళి, అద్దాలు చేసే అమ్మాయిని పిలిపించుకుని మరీ చెప్పింది. మీ ఆయన గొంతు ఎంత మెత్తగా ఉంటుందమ్మా, ఆ చీకట్లో ఊయలలో కూచున్నట్టే ఉంది నాకు అని.

ఆ సాయంత్రం అతను ఇంటికొచ్చేసరికి ఆమె సోఫాలో తన చివర కూచుని ఉంది. మొహం గంటు పెట్టుకోలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. ఫోను తియ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"మీకు గొంతొచ్చిందటగా" అంది.

ఆ 'మీరు' అతనికి చెంపదెబ్బలా తగిలింది. తలూపాడు.

"తలలూపద్దు. నోటితో చెప్పండి."

"వచ్చింది" అన్నాడు. ఆ గొంతు ఆమె మొదటిసారి వింది. కళ్ళు ఒక్క క్షణం చెదిరాయి, మళ్ళీ గట్టిపడ్డాయి.

"మీరు మధ్యలో అడ్డం రాలేరని రాశాను నేను అవన్నీ. తిరిగి వాదించలేరని. మీరేమో గొంతు జేబులో పెట్టుకుని చదువుకున్నారు."

అతను తడబడుతూ చెప్పాడు. గొంతొస్తే నువ్వు రాయడం మానేస్తావనుకున్నాను, అందుకే అన్నాడు. అది నిజమే గానీ బయటికొచ్చాక చిన్నగా, చేతకానితనంలా వినిపించింది. ఆమె కిటికీ వైపు తిరిగింది. ఎదురింటి గోడ మీద ఎండ తేనెరంగులోకి తిరిగి మెల్లగా పైకి జరిగిపోతోంది.

"నేను రాసింది ఎవరూ పైకి చదవగా నేను వినలేదు. చదువు. నువ్వే చదువు" అంది.

అతను ఫోను తీసి, వెనక్కి జరుపుకుంటూ వెళ్ళి, ఆమె మొదటి మాట దగ్గర ఆగాడు. చదవడం మొదలెట్టాడు. అద్దంలో తలకిందులైన వీధి, వెనక బెంచీ, మబ్బు. ఇన్నాళ్ళూ కళ్ళతో చదివిన మాటలే. నోటికొస్తే బరువు మారిపోయింది. కొన్ని చోట్ల గొంతు అలిసిపోతే ఆమె నీళ్ళందించింది. కొన్ని చోట్ల ఆపి, అక్కడ నేను నవ్వుతూ రాశాను, అంత దిగులుగా చదవద్దంది. పరదా మాట దగ్గర అతనే ఆగిపోయాడు. ఆమె ఆగనివ్వలేదు. చదివించింది. మళ్ళీ ఒకసారి చదివించింది.

ఎండ గోడ దాటిపోయింది. దీపం వెయ్యాలని ఇద్దరికీ తోచలేదు. ఇంకా చాలా మిగిలి ఉండగానే తెర ఒకసారి మసకబారి ఆరిపోయింది. చార్జరు కోసం అతను లేవబోయాడు.

"కూచో. మిగతావి నాకు గుర్తున్నాయి" అంది ఆమె.

కాళ్ళు పైకి ముడుచుకుని, బట్టల కుప్పను ఒళ్ళోకి లాక్కుని, ఒక్కొక్కటే మడతపెడుతూ చెప్పడం మొదలెట్టింది. మొదట కాసేపు తను రాసినవే చెప్పింది. ఆ తర్వాత ఎక్కడా రాయనివి వచ్చాయి. అతను సోఫా వెనక్కి తల వాల్చి, కళ్ళు మూసుకుని విన్నాడు. బట్టలు మడతపెట్టడం పూర్తయ్యాక ఆమె వాటిని విప్పి, మళ్ళీ మొదటినుంచి మడతపెట్టుకుంటూ చెప్పింది.