రాదమెస్ బుగ్గ

ఈమధ్య బేస్‌బాల్ ఆటలో రాదమెస్ విసిరే ప్రతి బంతీ అవతలి బ్యాటర్లకు ముందే తెలిసిపోతోంది. వంపు తిరిగే బంతిని కదలకుండా వదిలేస్తున్నారు, వేగంగా వచ్చేదాన్ని చితక్కొడుతున్నారు. గ్యాలరీలో బంతి బంతికీ పందెం కాసేవాళ్లు కూడా వరసగా గెలుస్తున్నారు. శాన్ పెద్రో జట్టు మేనేజరు ఫౌస్తినో అతన్ని గదిలోకి పిలిచి తలుపేశాడు.

“ఎవడికి అమ్ముడుపోయావురా?”

“ఒట్టు సార్! ఎవడి దగ్గరా ఒక్క పెసో ముట్టలేదు.”

“ఆదివారం కూడా ఇలాగే జరిగిందా, లీగువాళ్లకు చెప్పేస్తా. ఆపైన ఈ దీవిలో నీ చేతికి బంతిచ్చేవాడుండడు.”

రాదమెస్ తిన్నగా ఎనెరోలీసా పిన్ని దగ్గరికెళ్లాడు. అతన్ని పెంచింది ఆవిడే. పందేల గ్యాలరీలో ఆవిడ గొంతే పెద్దది. అప్పుడు వంటింట్లో అరటికాయ ముక్కలు వేయిస్తోంది.

“పిన్నీ, నా గుట్టు అమ్ముతున్నదెవరు?”

ఆవిడ పగలబడి నవ్వింది. “నిన్ను కొనేదెవర్రా పిచ్చి నాయనా! నీ మొహమే ఊరికే చెప్పేస్తోంది. వంపు బంతికి ముందు నీ ఎడమ బుగ్గ ఉబ్బుతుంది, నిమ్మకాయ దాచుకున్నట్టు.”

“మరి నాకు చెప్పొద్దూ?”

“చెబితే నా పందేలేం కావాలి?” అనేసి నాలుక కరుచుకుంది.

సంగతి విన్న ఫౌస్తినో, “బుగ్గ కథలు నాకొద్దు, ఆడి చూపించు,” అన్నాడు. రాదమెస్ అద్దం ముందు నిలబడి సాధన మొదలెట్టాడు.

ఆదివారం పిన్ని స్టేడియం గేటు దగ్గరే పట్టుకుంది. “ఇవాళ ఏ బుగ్గకి ఏ బంతో నాకొక్కదానికి చెప్పరా, బంగారం.”

“చెబితే నిజంగానే అమ్ముడుపోయినట్టు పిన్నీ.”

“పెంచినదానికి ఇదా మర్యాద!” అని విసురుగా గ్యాలరీ ఎక్కేసింది.

మొదటి బ్యాటర్ వచ్చాడు. రాదమెస్ బుగ్గ నిండుగా ఉబ్బించాడు. వంపు బంతే అనుకుని బ్యాటర్ తాపీగా నిలబడ్డాడు. వేగం బంతి రివ్వున వచ్చి క్యాచర్ గ్లౌవ్‌లో చప్పుడు చేసింది. తర్వాతి బంతికి బుగ్గ మామూలుగానే ఉంది; బ్యాటర్ బలమంతా పెట్టి ఊపాడు, బంతి వంపు తిరిగి కిందికి జారింది. మూడోదానికి బుగ్గ కొంచెం ఉబ్బిందో లేదో ఎవరికీ తేలలేదు. బ్యాటర్ గాలిని కొట్టి కూలబడ్డాడు; మూడు బంతులూ తప్పాయి, అవుట్.

గ్యాలరీ గొల్లుమంది. అందరినీ మించి పిన్ని గొంతు: “ఒరే దొంగ బుగ్గోడా! నా పందేలు మూడూ పోయాయిరా! ఇంటికి రా, నీకు తిండి పెడితే ఒట్టు!” తిడుతూనే చప్పట్లు కొడుతోంది.

బెంచీ మీద ఫౌస్తినో మొదట బిత్తరపోయాడు, తర్వాత కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. పెంచిన పిన్నికే చెప్పనివాడు ఇంకెవరికి చెబుతాడు? టోపీ తీసి గాల్లోకి ఊపుతూ అరిచాడు:

“ఆడరా నాయనా, ఆడు! తిండి మా ఇంట్లో తిందువుగాని!”