తెంపు లేని రెండేళ్ళు

మా ఆయన మర్రీకి లంచ్ డబ్బా సర్దుతుంటే మేడమీంచి ఆయన కేక. "ఖైదీల బుర్రలో ఏముందో చెబుతావు గానీ, నా మేజోళ్ళెక్కడున్నాయో చెప్పలేవా జనీన్?" వాళ్ళమ్మదైతే పెళ్ళినాటి నుంచీ ఒకటే పాట, "నువ్వు దొరికాకే మావాడు మనిషయ్యాడు." పదిహేడేళ్ళు అదో మెచ్చుకోలనుకుని మురిసిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

జైల్లో నా ఉద్యోగం, ఆడవాళ్ళ మీద అఘాయిత్యం చేసినవాడు విడుదలయ్యాక మళ్ళీ చేసే ప్రమాదమెంతో అంచనా కట్టడం. పది ప్రశ్నల ఫారం. అందులో ఒకటి: ఒకే మనిషితో, తెంపు లేకుండా, రెండేళ్ళు కాపురం చేశాడా? చేస్తే సున్నా, లేకపోతే ఒకటి. డేల్ ప్రూయిట్ అనే ఖైదీకి అన్నీ కూడాక ఆ ఒక్క అంకె మిగిలింది. సున్నా అయితే వచ్చేవారం మామూలుగా వెళ్ళిపోతాడు. ఒకటైతే ఏళ్ళ తరబడి నిఘా. కోలీన్ అనే ఆవిడతో ఇరవై అయిదు నెలలు ఉన్నానన్నాడు. ఆమెకి ఫోన్ చేశాను.

"ఉన్నానండీ," అంది కోలీన్. "మధ్యలో ఏడు వారాలు తప్ప."

"ఎక్కడికెళ్ళారు?"

"ఎక్కడికీ లేదు. హాకీ స్టేడియం బయట కార్లో పడుకునేదాన్ని. కొట్టాడని కాదు. ఆ ఇంట్లో ఊపిరాడేది కాదు. బట్టలన్నీ అక్కడే కదా, ఆయన లెక్కలో నేను ఇంట్లో ఉన్నట్టే." తర్వాత తనే అడిగింది. "నేనున్నందుకు ఆయనకి మార్కులా? మరి నాకేంటి?"

ఫోన్ పెట్టేశాక కిటికీ అవతల మంచు మెల్లగా రాలుతూనే ఉంది. చూస్తూ చూస్తూ ఊహలో ఆ కార్లో కోలీన్ పక్కన నేనూ కూర్చున్నాను. అద్దాలు మా ఊపిరితో మసకబారాయి. ఎవరూ మేజోళ్ళు అడగడం లేదు, ఎవరూ పిలవడం లేదు, ఆ తెల్లటి నిశ్శబ్దంలో నా చేతులు నావేనని గుర్తుపట్టాను. ఎంత హాయిగా ఉందో! అంతలో తట్టింది. రోజూ సాయంత్రం గరాజులో కారాపి, లైట్లార్పి, లోపలికి వెళ్ళలేక ఇరవై నిమిషాలు కూర్చునేది నేనే కదా. మర్రీ మంచివాడని ఊరంతా అనుకోవడానికి పూచీ కూడా నేనే.

"బట్టలు అక్కడే ఉన్నాయంటే కాపురం తెగనట్టే. సున్నా వేసెయ్," అన్నాడు మా పైఅధికారి వాల్టర్, గుమ్మంలో నిలబడి.

"ఆవిడ లేదు వాల్టర్," అన్నాను. ఒకటి వేసి సంతకం పెట్టాను.

నాలుగింటికి మర్రీ ఫోను. "ఇవాళేం వండుతున్నావ్?"

"నేను రావడం లేదు మర్రీ," అన్నాను. "నా బట్టలున్నాయి కదాని నేనున్నట్టు లెక్కేసుకోకు."