అలసటకు మండే కొలిమి

చొప్పదండి దాటినంక రోడ్డు పక్కనే సదానందం కొలిమి. వారమంతా రైతుల కొడవళ్లు, గొడ్డళ్లు సాగగొట్టుడు. ఆదివారం వస్తే కరీంనగర్ నుంచి సరదాకు ఇనుప పని నేర్చుకునేటోళ్లు దిగుతరు. ఇంట్ల కూసోని కంప్యూటర్ ఉద్యోగం చేసే తారక్, బళ్లె సైన్సు చెప్పే అలేఖ్య, ఇంకో ఇద్దరు ముగ్గురు. కొత్త తోలు ఏప్రాన్లు కట్టుకొని, లారీ కమాను పట్టీల ముక్కలు పట్టుకొని వస్తరు. కత్తిపీట చేస్తమంటరు, కూరగాయల కత్తి చేస్తమంటరు.

"చింతపండు రంగున ఉన్నప్పుడు కొడితే ఇనుము పగుల్తది. మోదుగుపువ్వు రంగుకు రానియ్యాలె," అని సదానందం చెప్తడు. ఎడమ చేతిల పట్టకారు, కుడి చేతిల చిన్న సుత్తె. దాగలి మీద ఎర్రటి ముక్క పెట్టి, సుత్తెతోని ఎక్కడ టిక్కుమనిపిస్తె అక్కడ కోమల సమ్మెట పడాలె. పెండ్లయినప్పటి సంది సమ్మెట ఆమెదే.

ఆ కొలిమికి అగ్గిపెట్టెతోని పని లేదు. అలిసిన మనిషి దగ్గరికొస్తే బొగ్గు దానంతటదే అంటుకుంటది. కంటినిండ నిద్రపోయి లేచినోళ్లు ఎంత ఊదినా పొగ తప్ప ఏం రాదు. నాట్ల దినాలల్ల కైకిలి పని నుంచి వచ్చే ఆడోళ్లు కొలిమి ముంగట నడవరు, వెనుక గల్లీ పట్టి పోతరు. ఒకపారి గుంపుగా పోతే మంట ఎగిసి కప్పు రేకులు నల్లబడ్డయి మరి.

దుబాయిల ఎండలకు పనిచేసి వచ్చిన అలసట ఇంక తనను ఇడువలేదని, అందుకే పొద్దుగాల కొలిమి భగ్గుమంటదని సదానందం నమ్మకం. వచ్చినోళ్లకు అదే చెప్పెటోడు.

ఒకనాడు అన్నం తినుకుంట అన్నడు, "బుధవారం గూడ రమ్మన్న."

"ఎవలను?" కోమల అడిగింది. ఒళ్లె బీడీల చాట ఉన్నది.

"ఇంకో నలుగురున్నరట. నేర్చుకుంటరట."

"సమ్మెట ఎవలు పడుతరు?"

"నువ్వే. ఎంతసేపు గనుక?"

"నాతోని కాదు."

"కూసోని బీడీలు చేసుడు గూడ ఒక అలుపేనా? కొలిమిని చూడు, నేను పోంగనే ఎట్ల లేస్తదో. అలసటంటే గది."

కోమల తునికాకును కత్తిరించుకుంట ఉండిపోయింది. తెల్లారి, శనివారం, సంచిల రెండు చీరలు పెట్టుకొని తల్లిగారి ఊరు ఖానాపూర్ బస్సెక్కింది. అవ్వ చంద్రవ్వను చూసొస్తనన్నది. ఎప్పుడొస్తదో చెప్పలే.

ఆదివారం సదానందం లేచేసరికి వాకిలి ఊడ్వలేదు, తొట్టిల నీళ్లు లేవు. కొలిమి ముంగట కూసున్నడు. బొగ్గు నల్లగనే ఉన్నది. గాలి పంకా తిప్పిండు. పొగ. ఇంక తిప్పిండు. కండ్ల నీళ్లొచ్చినయి గని నిప్పురవ్వ రాలేదు.

పట్నపోళ్లు వచ్చిన్రు. తారక్ తన గ్యాస్ బర్నర్ తీసి బొగ్గుకు పట్టిండు. అది తీసేసరికి బొగ్గు మళ్ల చల్లబడ్డది.

"ఇయ్యాల వదిన లేదా అన్నా?" అలేఖ్య అడిగింది.

రోడ్డవతల అరుగు మీద బీడీలు చుడుతున్న ముసలి లస్మవ్వ ఇదంతా చూస్తనే ఉన్నది.

"గది నీ అలసటకు మండుతదనుకున్నవా బిడ్డా?" అన్నది, చెయ్యి ఆపకుండ.

సదానందం తల ఎత్తలే. "నువ్వన్న జర వచ్చి కూసో పెద్దవ్వా," అన్నడు.

"నా అలసట నా పొయ్యికే సాలదు," అన్నది లస్మవ్వ.

పట్నపోళ్లు ఎవల ముక్కలు వాళ్లు సంచులల్ల పెట్టుకొని పోయిన్రు.

కోతలు దగ్గరపడ్డయి. కొడవళ్లు సాగగొట్టియ్యాలె. సదానందం కొన్ని పక్కూరి కొలిమికి పంపిండు. ఇంట్ల బియ్యం కడిగిండు, బోరు కాడి నుంచి నీళ్లు మోసిండు, బర్రెకు గడ్డేసిండు. కోమల ఒప్పుకున్న బీడీలు కార్ఖానాకు ముట్టాలె గదా అని చాట ముంగటేసుకొని కూసున్నడు. ఆకు చినిగింది. చుట్టినయి ఊడినయి. పొద్దంతా మెడ వంచి చుట్టేసరికి నడుము లేవరాలే. చల్లటి ఇనుము మీదనే సమ్మెట అలవాటు చేసుకుందామని చూసిండు. భుజం వాసింది. ఇన్నేండ్లల్ల చిన్న సుత్తె తప్ప ఆయన ఎత్తింది లేదు.

ఒక సాయంత్రం బర్రెను కట్టేసి వచ్చి కొలిమి పక్కన ఒరిగిండు. బొగ్గుల నడుమ ఎక్కన్నో సన్నగ ఎర్రబడ్డది. దీపమంత మంట లేచింది. సదానందం దాన్ని చూసుకుంట చానసేపు కూసున్నడు. ఆ తర్వాత ఫోన్ తీసిండు.

ఎప్పుడొస్తవని అడుగుదామనుకున్నడు. "తిన్నవా?" అన్నడు.

"తిన్న. పగలు గూడ నిద్రొస్తుంది. అవ్వ లేపుతలేదు."

"లేవకు. ఉండు."

కోమల అడిగింది, "కొలిమి మండుతుందా?"

"ఇయ్యాల జరంత మండింది."

"ఎవలొచ్చిన్రు?"

"ఎవలు లేరు. నేనే."

ఆయన ఇంకో బొగ్గును మంట దిక్కు జరిపిండు.

"బుధవారపోళ్లను రావద్దన్న," అన్నడు సదానందం.

కోమల తన ఇష్టమొచ్చినన్ని దినాలుండి వచ్చింది. ముఖం తేటగున్నది. కండ్ల కింది నలుపు పోయింది. ఆదివారం పట్నపోళ్లు వచ్చేసరికి అలవాటు కొద్ది సమ్మెట కోసం చెయ్యి చాపింది. సమ్మెట సదానందం చేతుల ఉన్నది. తన పీటను ఆమె దిక్కు జరిపి, పట్టకారు, చిన్న సుత్తె దాని మీద పెట్టిండు.

"నాకొస్తదా?" అన్నది.

"ఇన్నేండ్ల సంది నా సుత్తె ఎక్కడ పడుతదో చూసినదానివి నువ్వే గదా."

కోమల కూసున్నది. మంట పెద్దగ లేవలే. ఒక్క ముక్క కాలేటంత, ఇద్దరి అలుపుకు తగ్గట్టు లేచింది. అలేఖ్య తెచ్చిన పట్టీ మోదుగుపువ్వు రంగుకు రాంగనే కోమల తీసి దాగలి మీద పెట్టి టిక్కుమనిపించింది. సదానందం సమ్మెట ఎత్తి కొట్టిండు. జానెడు అవతల పడ్డది.

"జోరు వద్దు," అన్నది కోమల. "నా సుత్తెను చూసి కొట్టు."

సదానందం చెమట తుడుచుకొని, ఆమె సుత్తె దిక్కు చూసుకుంట మళ్ల ఎత్తిండు.