నొప్పి లేదండి

స్వర్ణలతమ్మ బడిపంతులమ్మగా ఉన్నన్నాళ్ళూ దేవుడి పని ఆదివారాలకే సరిపెట్టుకుంది. రిటైరైన తరువాత వారమంతా అదే పనైపోయింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. పొద్దున్నే సంచిలో బైబిలూ, ప్రార్థన నూనె సీసా వేసుకుని రేపల్లెలో ఆటో ఎక్కి, సముద్రం దిక్కున్న పాలేలకు వెళ్ళేది. జబ్బుపడ్డ వాళ్ళ తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసేది. కొందరికి తగ్గేది. తగ్గినవాళ్ళలో ఒకరిద్దరు గుడికి వచ్చేవాళ్ళు. అలా వచ్చినవాళ్ళను చూసినప్పుడల్లా తన బతుకు ఊరికే పోలేదని ఆమెకు అనిపించేది.

పేరంటాలు ఆ పాలేల నుంచే చేపల గంపతో రేపల్లె వచ్చేది. ఒకనాడు గంప స్వర్ణలతమ్మ ఇంటి అరుగు మీద దించి, చేపలు చూపించకుండా కూలబడింది.

"మా ఆయనకి కడుపులో ఒకటే నొప్పండి. వేటకి పోయి నెల దాటింది. అమ్మోరికి మొక్కాం, తాయెత్తు కట్టించాం. మీ దేవుడికి కూడా ఓ మాట చెప్పండమ్మగారూ."

స్వర్ణలతమ్మ ఆరోజే వెళ్ళింది. పేరంటాలు మొగుడు కోటయ్య వసారాలో మంచం మీద ముడుచుకుని ఉన్నాడు. మనిషి ఎముకల గూడయ్యాడు గాని కళ్ళలో చిలిపితనం పోలేదు. ఆమె ప్రార్థన చేసి, ఏసు పడవలో నిద్రపోయిన కథ చెప్పింది. తుఫాను రేగడం, శిష్యులు భయపడి ఆయన్ని లేపడం, ఆయన లేచి గాలిని గద్దించడం అంతా విని కోటయ్య నవ్వాడు.

"అంత గాలిలో పడుకున్నాడంటే పడవ నడిపే ఆ సరంగు మీద ఎంత గురి ఉండాలమ్మగారూ! నా పడవలో ఎవడూ అట్టా పడుకోలా."

ప్రార్థనతో సరిపెట్టే మనిషి కాదు స్వర్ణలతమ్మ. ఆ వారంలోనే మొగుడూ పెళ్ళాలను పాసింజరు బండిలో తెనాలి తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకు చూపించింది. స్కానింగు చూసిన డాక్టరు ఆమెను ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు.

"క్యాన్సరండి. కాలేయానికి కూడా పాకింది. ఆపరేషను దశ దాటిపోయింది. నొప్పి తెలియకుండా బిళ్ళలిస్తాను, వేళ తప్పకుండా వేయించండి. మనం చేయగలిగింది అంతే."

ఆ మాట ఆమె మొగుడూ పెళ్ళాలిద్దరికీ దాచకుండా చెప్పింది. బిళ్ళలు బాగా పనిచేశాయి. కోటయ్య లేచి కూర్చున్నాడు, రెండు ముద్దలు తిన్నాడు, వలకు పడ్డ చిరుగులు కుట్టాడు. పాలెంలో అందరూ ప్రార్థనమ్మ దేవుడు పనిచేశాడన్నారు. బిళ్ళల వల్లేనని స్వర్ణలతమ్మ పేరంటాలుకు చెప్పింది. రెండూ ఒకటేలెండని పేరంటాలు కొట్టిపారేసింది.

అప్పుడే బాపట్లలో స్వస్థత సభలు వచ్చాయి. ప్రసంగం చేసేది రాజారత్నం గారని ఊళ్ళ నిండా ఫ్లెక్సీలు కట్టారు. రేపల్లె గుడి పాస్టరు జార్జి గారు స్వర్ణలతమ్మను పిలిచి, "ఆ కోటయ్యని తీసుకురండి సిస్టర్. డాక్టర్లు వదిలేసిన వాళ్ళనే కదా ప్రభువు పట్టుకునేది" అన్నారు. ఆ మాట ఆమె గుండెలో దిగింది. ఎన్ని జ్వరాలు తగ్గితేనేం, ఒక్కసారైనా, కళ్ళారా, తగ్గదన్నది తగ్గడం చూడాలని ఆమెకు ఎప్పటినుంచో ఆశ.

సభలకు వెళ్ళేముందు బాపట్ల బస్టాండులో కోటయ్యకు నొప్పి మొదలైంది. ఆమే సంచిలోంచి బిళ్ళ తీసి, నీళ్ళిచ్చి మింగించింది.

మైదానం జనంతో కిటకిటలాడుతోంది. పాటలయ్యాక రాజారత్నం గారు గొంతు పెంచారు. కడుపులో గడ్డలున్నవాళ్ళు కడుపు మీద చెయ్యి పెట్టుకోమన్నారు. ఆ గొంతుకు జనమంతా ఊగిపోయారు. స్వర్ణలతమ్మ కళ్ళు మూసుకుని, రెండు చేతులూ పైకెత్తి, వెక్కి వెక్కి ఏడుస్తూ ప్రార్థించింది. ఈ ఒక్కడిని, ప్రభువా, ఈ ఒక్కడిని.

"నొప్పి పోయినవాళ్ళు లేవండి! లేచి సాక్ష్యం చెప్పండి!"

కళ్ళు తెరిచేసరికి పక్క కుర్చీ ఖాళీగా ఉంది. కోటయ్య జనంలోంచి దారి చేసుకుంటూ స్టేజీ వైపు పోతున్నాడు.

"ఏం జబ్బు తండ్రీ?"

"కడుపులో క్యాన్సరండి. తెనాలి డాక్టరు లాభం లేదన్నాడండి."

"ఇప్పుడు నొప్పుందా?"

కోటయ్య జనంలో స్వర్ణలతమ్మ కోసం వెతికాడు. ఆమె కనపడగానే అక్కడే చూపు నిలిపాడు.

"లేదండి."

వంగి చూపించమన్నారు. వంగాడు. గెంతమన్నారు. గెంతాడు. మైదానం హల్లెలూయలతో దద్దరిల్లింది. ఫోన్లన్నీ పైకి లేచాయి. బిళ్ళ మింగించిన సంగతి స్వర్ణలతమ్మకు గుర్తుంది. గుర్తుండి కూడా, ఆ కాసేపు, ఆమె నమ్మింది.

మరునాటి నుంచి కోటయ్య బిళ్ళ ముట్టలేదు. నాలుగైదు రోజులకు పేరంటాలు గంప లేకుండా పరుగెత్తుకొచ్చింది. స్వర్ణలతమ్మ వెళ్ళేసరికి కోటయ్య తువ్వాలు పళ్ళ మధ్య కుక్కుకుని, మంచం కోడు పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నాడు.

"తమ్ముడూ, బిళ్ళ వేసుకో. నీకు దణ్ణం పెడతా."

కోటయ్య తువ్వాలు తీసి గసపోసుకున్నాడు. "అన్నేసి మందిలో లేదని చెప్పానమ్మగారూ. పాలెం అంతా ఆ వీడియో చూశారు. రోజూ ఎవడో ఒకడు వచ్చి నా మొహం చూసి పోతన్నాడు. ఇప్పుడు బిళ్ళ మింగితే మీ మాటేమవుద్ది?"

"నా మాట ఎటన్నా పోనీ! అసలెందుకు లేచావు నువ్వు?"

"మీరు అట్టా ఏడుస్తంటే చూడలేకపోయానండి." కాసేపటికి మళ్ళీ అన్నాడు. "నా కోసం అట్టా ఏడ్చినోళ్ళు లేరు."

పేరంటాలు గోడకానుకుని అదంతా విన్నది. స్వర్ణలతమ్మ ఆమె ముఖం చూడలేకపోయింది.

బతిమాలగా బతిమాలగా చివరికి బిళ్ళ నోట్లో వేయించుకున్నాడు. కడుపులో నిలవలేదు. నీళ్ళలో కరిగించి పోసినా వాంతయిపోయింది. తెనాలి తీసుకెళదామంటే ఆటో కుదుపుకే ప్రాణం పోయేట్టు అరిచాడు. వాకిట్లోంచే వెనక్కి తెచ్చారు. ఆ రెండు రోజులూ స్వర్ణలతమ్మ అక్కడే ఉంది. తగ్గించమని ప్రార్థించింది, తరువాత తీసుకుపొమ్మని ప్రార్థించింది. ఆ రెండోదైనా త్వరగా జరగలేదు.

కోటయ్య పోయాక వాళ్ళ కులాచారం ప్రకారమే అన్నీ జరిగాయి. శవం లేచే వేళ కోటయ్య వాళ్ళ అన్న స్వర్ణలతమ్మకు అడ్డం వచ్చి నిలబడ్డాడు. "ఇంక మీరు రామాకండి" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

పేరంటాలు మళ్ళీ గంప ఎత్తింది. ఆమె కేక పక్క సందులో వినిపించేది, ఆ పై సందులో వినిపించేది. స్వర్ణలతమ్మ గుమ్మంలో నిలబడి ఎదురుచూసినా ఈ సందులోకి మాత్రం వచ్చేది కాదు. ఒకసారి ఎదురువెళ్ళి పలకరిస్తే, పేరంటాలు గంప దించకుండానే "ఇయ్యాల చేపలు మంచియి కాదండి" అని తప్పుకుపోయింది.

వీడియో మాత్రం ఆగలేదు. స్వర్ణలతమ్మ పాస్టరు గారింటికి వెళ్ళి దాన్ని తీసేయించమని అడిగింది.

"ఆయన నోటితో ఆయన చెప్పిందే కదా సిస్టర్. మనం ఏమన్నా కల్పించామా?"

"చచ్చిపోయాడండి అయ్యగారూ. నరకం చూసి పోయాడు."

జార్జి గారు లేచి ఆమెకు కుర్చీ జరిపారు. చెడ్డవాడు కాదు ఆయన. "ఆ వీడియో చూసి ఎంతమంది ఆశతో బతుకుతున్నారో" అని మాత్రం అన్నారు.

ఆ ఎంతమందిలో వేమూరు నుంచి ఒకామె స్వర్ణలతమ్మ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పేరు జెన్నిఫర్. నిండా పాతికేళ్ళు లేవు. చంకలో మూడేళ్ళ పాప. పాప పెదాలు నీలంగా ఉన్నాయి, తల్లి భుజం మీద తల వాల్చి బరువుగా ఊపిరి తీస్తోంది.

"గుండెలో రంధ్రమండి. ఆపరేషను కూడా ఇప్పుడు కష్టమన్నారు. బాపట్ల వీడియోలో కోటయ్య గారిని తీసుకెళ్ళింది మీరేనంట కదండి. మీరు చెయ్యి పెడితే చాలు."

"కోటయ్య చనిపోయాడమ్మా."

జెన్నిఫర్ ముఖం ఒక్క క్షణం మారింది, మళ్ళీ సర్దుకుంది. "మరింకేదన్నా జబ్బు చేసి ఉంటదండి."

"కాదమ్మా, ఆ జబ్బుతోనే. ఆరోజు నొప్పి లేకపోయింది బిళ్ళ వల్ల. నేనే వేశాను."

"అట్టా అనమాకండి ఆంటీ." ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మేము చాలా దూరం తిరిగి వచ్చాం. కాదనమాకండి."

"మందులు వాడుతున్నావా?"

"వాడుతున్నానండి."

"మానవుగా? ఏమైనా సరే మానొద్దు. నా మీద ఒట్టు."

"అట్టాగేనండి" అంది జెన్నిఫర్, అప్పటికే కళ్ళు మూసుకుని, పాప తలను ముందుకు వంచుతూ.

స్వర్ణలతమ్మ చెయ్యి పెట్టింది. వెంట్రుకలు చెమటకు తడిసి ఉన్నాయి. కాదనడానికి మాట దొరకలేదు, ప్రార్థనకు మాత్రం మాటలు వాటంతట అవే వచ్చాయి. ఎన్నో ఏళ్ళుగా నోటికి పట్టినవి, వరసగా, తడబాటు లేకుండా వచ్చాయి. ఆ గొంతు ఎవరిదో అన్నట్టు ఆమె వింటూ ఉండిపోయింది. ఆమేన్ కూడా జెన్నిఫరే ముందు అంది.

కొంగుతో కళ్ళొత్తుకుని, నవ్వుముఖంతో, పాపను మళ్ళీ భుజాన వేసుకుంది.

"బాపట్లలో మళ్ళీ సభలు ఎప్పుడండి ఆంటీ?"