మూలన వేసిన చాప

హోసూరు ఫ్యాక్టరీల వెనక వీధిలో పవిత్ర నడిపే పిల్లల బడికి తెలుగు, తమిళం, కన్నడం, హిందీ మాట్లాడే ఇళ్ల నుంచి బిడ్డలు వచ్చేవారు. చేర్చేటప్పుడు ప్రతి తల్లీ ఒకటే మాట చెప్పేది: మావాడు నలుగురితో కలవాలి, తన పనులు తనే చేసుకోవాలి. పవిత్ర సరేనన్నది. 2003 దసరా నాటికి పిల్లలు డబ్బాల మూతలు తామే తీసుకుని, గుండ్రంగా కూర్చుని, ఒకరి కూర ఒకరు రుచి చూస్తూ తినడం మొదలుపెట్టారు.

ఆ ముచ్చట చూడమని ఆమె ఒక మధ్యాహ్నం తల్లులను పిలిచింది.

కాంతమ్మ అందరికంటే ముందు వచ్చి నిలబడింది. ఆమె కొడుకు దేవేంద్ర ఇంట్లో తల్లి కథ చెబుతూ నోట్లో పెడితే తప్ప మింగడు. ఇక్కడ మాత్రం చిత్రాన్నం చకచకా ముగించి, వరంగల్ వాళ్ల సింధు డబ్బాలోంచి సగం కోడిగుడ్డు తీసుకుని నిబ్బరంగా నోట్లో వేసుకున్నాడు.

"ఏమి పవిత్రమ్మా, కలవమంటే ఇంతగానా?" అంది కాంతమ్మ. "మా ఇండ్లలో గుడ్డు ముట్టరు. రేపట్నించి వాణ్ణి ఆ మూలకు కూర్చోబెట్టు."

బడి నిలవాలి కదా. మర్నాడు పవిత్ర వాడి చాప మూలన వేసింది. దేవేంద్ర కాసేపు కూర్చుని, లేచి, చాప ఈడ్చుకొచ్చి సింధు పక్కన పరుచుకున్నాడు.

"ఎవురు చెప్పినార్రా నీకు?"

"ఎవురూ చెప్పలే మిస్సు. నేనే చేసుకున్నాను," అన్నాడు, మెచ్చుకుంటుందేమోనని చూస్తూ.

పవిత్ర చాపను అక్కడే ఉండనిచ్చింది. సంగతి తెలిసి కాంతమ్మ వాణ్ణి మానిపించింది.

వారం తిరక్కముందే మళ్లీ వాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆమె ముఖం వాడిపోయి ఉంది.

"నేను పెడితే నోరు తెరవడమ్మా. నా చేత్తో నేనే తింటానంటాడు. తినరా అంటే, ఒక్కణ్ణే తిననంటాడు. ఏమి నేర్పినావో ఏమో."

"మరి గుడ్డు?" అడిగింది పవిత్ర.

కాంతమ్మ గొంతు తగ్గించింది. "వాళ్ల నాయనకు తెలీకుండా చూడు."

ఇద్దరూ మాట్లాడుతుండగానే దేవేంద్ర చెప్పులు విప్పి, వెనక్కి తిరిగైనా చూడకుండా లోపలికి పోయాడు. కాంతమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "చేర్చేటప్పుడు అడిగింది ఇదే కదమ్మా," అంది పవిత్ర.