ఆరుకు ఆరు మార్కులు

నారాయణగూడలోని ఆ ఎనిమిది మంచాల నర్సింగ్ హోమ్‌లో పెద్ద ఆపరేషన్ జరిగిన ప్రతి రోగీ రోజుకు మూడు పూటలా ఒక పరీక్షకు కూర్చునేవాడు. సరిగా చెప్పాలంటే, పడుకునేవాడు. ప్రశ్నలు ఆరు. మీ పేరేమిటి? ఈరోజు ఏ వారం? ఇప్పుడు ఏ పూట? మీరు ఎక్కడున్నారు? మీ పక్కన ఉన్నది ఎవరు? ఇరవైలోంచి మూడు తీసేస్తే ఎంత? ప్రశ్నకు ఒక మార్కు. నాలుగుకంటే తగ్గితే రోగి మతి చెదిరిందని గుర్తించి డాక్టరును పిలవాలి. పిలిస్తే డాక్టరు వచ్చి చేతులు మంచానికి కట్టించేవాడు. ఈ చివరి భాగం హెడ్ సిస్టర్ శ్రీలక్ష్మి రాసినది కాదు. ప్రశ్నలు మాత్రం ఆమెవే.

అవి ఊరికే పుట్టలేదు. రెండేళ్ళ కిందట ధర్మారావు అనే రిటైర్డ్ పోస్టుమాస్టరు, పేగు ఆపరేషన్ అయిన మూడోనాడు, సెలైన్ స్టాండుతో సహా చౌరస్తాకు నడిచివెళ్ళి, ఆగిన ప్రతి బస్సు డ్రైవరునూ టపా సంచి ఏదని నిలదీశాడు. అంతకుముందు రెండు రోజులుగా ఆయన ధోరణి బాగాలేదని శ్రీలక్ష్మి చెబుతూనే ఉంది. "వయసు, సిస్టర్" అన్నారు డాక్టర్లు. నర్సు కంటికి కనబడేది అనుమానం, కాగితానికి ఎక్కినది లక్షణం అని ఆమెకు ఆనాడు బోధపడింది. తానూ ఒక కాగితం తయారు చేసింది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో కొత్త సిస్టర్లకు ఆమె నేర్పిన పాఠాలన్నింటిలో చిన్నది ఇదే: "మనం మాట్లాడితే వినరు. కాగితం మాట్లాడాలి."

ఆ బుధవారం పొద్దున ఆ కాగితమే ఆమెకు ఎదురుతిరిగింది.

రోగి పేరు రాజేశం. అరవై ఏళ్ళవాడు. పాలమూరు నుంచి తట్ట మోయడానికి వచ్చి, అశోక్ నగర్‌లో మెస్ పెట్టి, ఉద్యోగాల పరీక్షలకు చదివే హాస్టల్ పిల్లలకు పదిహేనేళ్ళుగా అన్నం పెడుతున్నాడు. శుక్రవారం అన్నం గంజి వార్చి వస్తూ మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. శనివారం ఆపరేషన్. సోమవారం నుంచి పూటపూటకూ ఆరుకు ఆరు మార్కులు. అదే సోమవారం నుంచి అతని చేతులు దుప్పటి మీద ఉల్లిగడ్డలు తరుగుతున్నాయి. అక్కడ ఉల్లిగడ్డలు లేవు.

"డాక్టరుగారూ, ఆయన చేతులు చూడండి. చూపు కూడా నిలవడం లేదు" అంది శ్రీలక్ష్మి.

"మెస్ నడిపే మనిషి, చేతులు ఊరుకుంటాయా?" అన్నాడు డాక్టర్ శ్రీపతి. చిన్నవాడు, కోత నేర్పుగా కోస్తాడు, మాట అంతకంటే నేర్పుగా. "మీ పేపర్లో ఆరుకు ఆరు వచ్చాయి. కింద సంతకం నాది కాదు సిస్టర్, మీది. మధ్యాహ్నం ఇంటికి పంపేద్దాం. పదో రోజు కుట్లు విప్పించుకోవడానికి వస్తాడు. నాకు మంచం కావాలి."

మెస్ మీద వాళ్ళు ఉండే గదికి ఇరవై రెండు మెట్లు ఉన్నాయి. జారింది ఆ మెట్ల మీదే. ఈ చేతులతో, ఈ చూపుతో ఆ మెట్లు దిగబోయే మనిషికి రెండో తుంటి మిగలదు. శ్రీలక్ష్మి కాగితం తీసుకుని మంచం దగ్గరకు నడిచింది.

మంచానికి ఒకవైపు స్టూలు మీద భార్య కమలవ్వ. రెండోవైపు నాగేందర్: గ్రూప్-టూ రెండుసార్లు రాసి, మూడోసారికి సిద్ధమవుతున్నవాడు, ఆ పూట హాస్టల్ తరఫున కాపలా. అతని పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు.

"మీ పేరేమిటి?" అని అడిగింది శ్రీలక్ష్మి.

"రాజేశం, బుధారం, పొద్దుగాల, నారాయణగూడ దవాఖాన, కమలవ్వ, పదిహేడు" అన్నాడు రాజేశం, ఒక్క గుక్కలో.

అడిగింది ఒక ప్రశ్న. నాగేందర్ కళ్ళు మూసుకున్నాడు.

శ్రీలక్ష్మి, గుమ్మం దాటబోతున్న శ్రీపతిని వెనక్కి పిలిచి, కాగితం అతని చేతికిచ్చింది. "ఈసారి మీరు అడగండి. కింది నుంచి పైకి."

"కింది నుంచి ఎందుకు?"

"ప్రశ్నలు అవే కదండీ."

శ్రీపతి గడియారం చూసుకుని అడిగాడు. "ఇరవైలోంచి మూడు తీసేస్తే ఎంత?"

"రాజేశం."

"మీ పక్కన ఉన్నది ఎవరు?"

"బుధారం."

కమలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నలభై ఏండ్లు సంసారం జేసిన. ఆఖరుకు నన్ను బుధారం జేసిండు."

"మీరు ఎక్కడున్నారు?"

"పొద్దుగాల."

"ఇప్పుడు ఏ పూట?"

"నారాయణగూడ దవాఖాన."

శ్రీపతి చివరి రెండు ప్రశ్నలు అడగలేదు. శ్రీలక్ష్మి అడిగింది; మధ్యలో ఆపిన పరీక్ష ఆమె దృష్టిలో పరీక్ష కాదు. ఆ రోజు వారం కమలవ్వ అయింది. రోగి పేరు పదిహేడు.

"ఎవరు నేర్పారు?" అంది నాగేందర్ వైపు చూసి.

"జవాబుల కీ ఇచ్చినం సిస్టర్" అన్నాడు నాగేందర్. తప్పు ఒప్పుకునేటప్పుడు కూడా అతనిలో కొంత వృత్తిగౌరవం ఉంది. "మూడో నంబరు మంచం హనుమప్ప తాత చేతులు కట్టేసిన్రు గద. మార్కులు తక్కువొచ్చినయని. రాజేశం కాకను గట్ల కడ్తరేమోనని అందరం పరేషాన్ అయినం. ప్రశ్నలు రోజు అవే, అదే వరుస. వారం పొద్దుగాల, పూట పూటపూటకు మార్చి చెప్తున్నం."

"రెండుసార్లు నువ్వు తప్పి, మూడోసారి ఆయనచేత రాయించావన్నమాట."

"ఆయన మంచిగనే పాసైండు గద సిస్టర్."

శ్రీలక్ష్మికి కోపం వచ్చింది. సగం వాడి మీద, సగం తన మీద. వరుస మార్చని ప్రశ్నపత్రం రెండేళ్ళు నడిపి, బట్టీని బుద్ధి అని నమ్మి సంతకం పెట్టింది తానే. ఆ సంగతి తరువాత చూసుకోవచ్చు. మతి ఎందుకు చెదిరిందో ముందు తేలాలి. జ్వరం లేదు. మూత్రం బాగానే ఉంది. రాజేశం చేరినరోజు రాసిన కాగితం ఆమె తిరగేసింది. అలవాట్లు: పత్రికా పఠనం.

"ఇది ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పిన" అంది కమలవ్వ. "దినాం ఐదింటికి చిక్కడపల్లి లైబ్రరీకి పోతడు. ఏడింటికి వస్తడు. పదేండ్ల సంది ఒక్కనాడు తప్పలే. వానొచ్చినా పోతడు."

నాగేందర్ పైన తిరుగుతున్న ఫ్యాను రెక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"నువ్వు చదువుకునేది ఆ లైబ్రరీలోనే కదా" అంది శ్రీలక్ష్మి. "ఈయన ఏ బల్ల దగ్గర కూర్చుంటాడు?"

ఈ ప్రశ్నకు కీ లేదు. నాగేందర్ కమలవ్వ వైపు తిరిగాడు. "అవ్వా, జర కిందికి పోయి చాయ్ తెస్తవా?"

"నేను కదల. చెప్పు."

"కల్లు కాంపౌండ్ల కూసుంటడు" అన్నాడు నాగేందర్, నేలకు చెబుతున్నట్టు. "దినాం రెండు సీసలు. మాకందరికి ఎర్కే."

కమలవ్వ భర్త వైపు తిరిగింది. "పేపర్ల ఏమున్నదని అడిగేదాన్ని" అంది. "అన్నీ పాత సంగతులే అనేటోడు."

శ్రీపతి ముఖంలో నేర్పు పోయి చదువు వచ్చింది. ఆ కల్లులో చెట్టు నుంచి దిగినదెంతో, మత్తుమందు కలిపినదెంతో ఎవరూ చెప్పలేరు. పదేళ్ళు రోజూ తాగినది శుక్రవారం ఒక్కసారిగా ఆగిపోయింది. మూడోనాడు మతి చెదిరి, చేతులు ఉల్లిగడ్డలు తరగడం మొదలైంది. కొన్నాళ్ళు మాత్ర ఇచ్చి, మెల్లగా తగ్గించాలి. అతను చీటీ రాసి, డిశ్చార్జి కాగితం తానే చించి, అలవాటుగా కట్టుగుడ్డ కోసం చెయ్యి చాచాడు.

శ్రీలక్ష్మి కట్టుగుడ్డను సొరుగులో పెట్టి తాళం వేసింది. "చేతులు కట్టనక్కరలేదు. పట్టుకోవడానికి ఒక హాస్టలే ఉంది."

"ఆర్డర్ నేను ఇవ్వాలి సిస్టర్."

"ఇవ్వండి. రాసుకుంటాను."

అతను ఇచ్చాడు. ఆమె రాసుకుంది. హనుమప్ప చేతులకూ అదే ఆర్డరు వర్తిస్తుందని అడగకుండానే రాసుకుంది.

ఆనాటి నుంచి హాస్టల్ పిల్లలు పూటకు ఇద్దరు చొప్పున ఇద్దరు ముసలివాళ్ళ చేతులూ పట్టుకుని కూర్చున్నారు. ఎక్కడున్నాడో, ఏ వారమో రాజేశానికి ఎన్నిసార్లయినా చెప్పవచ్చు. పరీక్షవేళ మాత్రం బయటికి పోవాలి. గురువారం అతనికి రెండు మార్కులు వచ్చాయి, శుక్రవారం మూడు. పిల్లలు తమ ఫలితాలు చూసుకున్నట్టే గోడకు అంటించిన మార్కుల కాగితం చూసి నిట్టూర్చారు. ఆదివారం పొద్దున శ్రీలక్ష్మి మధ్య నుంచి మొదలుపెట్టింది.

"మీ పక్కన ఉన్నది ఎవరు?"

రాజేశం చేతులు కదలకుండా దుప్పటి మీద ఉన్నాయి. అతను తల తిప్పి చూశాడు. చూపు నిలిచింది. "కమల" అన్నాడు. కొంచెం ఆగి, "కోపంగున్నది" అన్నాడు.

రెండో జవాబు ఎవరూ అడగలేదు. అది సరైనదే కనుక శ్రీలక్ష్మి తన జీవితంలో మొదటిసారి అర మార్కు ఎక్కువ వేసింది.

"ఇంటికి రా" అంది కమలవ్వ. "నడక వచ్చినంక లైబ్రరీకి ఇద్దరం పోదాం. నువ్వు చదువు, నేను వింట."

ఆ సాయంత్రం కొత్త పత్రం తయారైంది. అవే ఆరు ప్రశ్నలు, నాలుగు రకాల వరుసల్లో. వెనక వైపు, చేరినరోజున అడగవలసిన ఏడో ప్రశ్న ఒకటి: మీరు రోజూ ఏమి తాగుతారు? దాని కింద ఎర్ర సిరాతో ఒక సూచన: ఈ ప్రశ్న వేయుటకు ముందు రోగి భార్యను బయటికి పంపవలెను. శ్రీపతి రెండుసార్లు చదివి, నవ్వకుండా సంతకం పెట్టాడు.

సోమవారం కొత్తగా చేరిన రోగికి ఆ ప్రశ్న వేయడానికి శ్రీలక్ష్మి అతని భార్యను వరండాలోకి పంపింది. అక్కడ సామాను సర్దుకుంటున్న కమలవ్వ ఆమెకు బెంచీ మీద చోటిచ్చి అడిగింది: "మీ ఆయన పొద్దుమీకి ఐదింటికి ఏ లైబ్రరీకి పోతడమ్మా?"